అడుగున్నర

కొత్తపేట నుంచి కాలవ వైపు దిగే రోడ్డు
ఒకచోట కారణం లేకుండా మెలిక తిరుగుతుంది.
అడుగున్నర. అంతే.
బస్సు డ్రైవర్లు అక్కడ బ్రేకు తొక్కి
రోడ్డు వేసినవాణ్ణి తిడతారు.
ఆ తిట్లన్నీ కౌన్సిలర్ మాదాసు భుజంగరావువి.
ఆ రోజు గొలుసు రెండో కొస పట్టుకున్నది నేను.

బుడమేరు పొంగిన ఏడు అది.
నీళ్ళు తీశాక వీధి లేదు,
గడపలు మాత్రం వరసగా మిగిలాయి,
పళ్ళూడిన చిగుళ్ళలా.
మేం ముగ్గురం, ఒక గొలుసు, ఒక ఎర్రమట్టి డబ్బా.
చెప్పులు చేత పట్టుకుని
ఆయన బురదలో మా ముందు నడిచేవాడు.
"ముప్పై అడుగులు. ఫైరింజను తిరగాలి."
ఎవరు ఏడ్చినా అదే మాట.
సొంత అక్క అరుగు మీద గీత గీసిన నాడు కూడా.

ఫైరింజను తిరగని సందులు
రంగూన్‌లో చూశానని ఒకసారి అన్నాడు.
అక్కడ రంపపు మిల్లులో లెక్కలు రాసేవాడట.
బాంబులు పడ్డాక అరకాను కొండలు నడిచి దాటాడట.
ఎడమకాలికి బొటనవేలు లేదు.
మిగతాది మేం అడగలేదు.

పొగుడుతున్నాననుకోకండి.
మీటింగుల్లో గురక పెట్టేవాడు.
సున్నం కాంట్రాక్టు బావమరిదికే ఇచ్చాడు,
ఆ సున్నం రెండు వానలకే రాలింది.
నాకు రావాల్సిన బత్తా ఇప్పటికీ రాలేదు.

నాంచారమ్మ ఇల్లు గీతకు అడ్డమొచ్చింది.
గోడల్ని ఏరు తీసుకుపోయింది,
ద్వారబంధం నిలబడింది,
దాని మీద తారుతో రాసిన నంబరు.
"కదలను బాబూ. రంగూన్ నుంచి మా ఆయన
ఉత్తరాల మీద ఈ నంబరే రాసేవాడు.
ఇది తీసేస్తే ఇల్లెట్లా పోల్చుకుంటాడు?"
పద్నాలుగేళ్ళుగా వీధి నవ్వుకుంటున్న మాట.
భుజంగరావు నవ్వలేదు. పేరడిగాడు.
మొగుడి పేరు ఆమె నోటితో అంటుందా?
"ఆవులు కాసే దేవుడి పేరు" అంది.
"కుడిచెవి తమ్మె తెగి ఉంటుంది" అంది.

ఆయన ఆ బురదలోనే కూర్చున్నాడు.
పంచె గురించి ఆలోచించలేదు.
చాలాసేపటికి, నా వైపు చూడకుండా,
"గొలుసు జరుపు."

రాత్రి కాలవ గట్టున
ఆరిపోయిన బీడీ పీలుస్తూ చెప్పాడు:
"కొండ మీద నీళ్ళడిగాడు గోపాలం.
నా సీసాలో గుక్కెడుంది.
లేవన్నాను."

వార్డుకు మొదటి కుళాయి ఆ ద్వారబంధం పక్కనే వేయించాడు.
తుప్పు నీళ్ళొస్తున్నాయని జనం వెనకాడితే
దోసిలి పట్టి తాగి
మూడు రోజులు మంచమెక్కాడు.
తర్వాతి ఎన్నికల్లో ఓడాడు.
ఎర్రగీత పడిన ప్రతి గోడకూ ఒక ఓటుంది.
నాంచారమ్మ ఓటు ఎటు పడిందో తెలియదు.
చివరిదాకా రోజూ సాయంత్రం
ఆ నంబరును తడిగుడ్డతో తుడిచేది.

మొన్న మూడుకాళ్ళ యంత్రంతో
కుర్ర ఇంజనీరు వచ్చాడు.
కన్ను ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి,
"తాతా, ఇక్కడ తప్పెట్లా వచ్చింది?"

"పాత గొలుసు సార్" అన్నాను,
"ఒక లంకె వంగింది."