తాళ్ల మీద బొంత

మా ఇంట్లో బొంతకి నేల మీద చోటు లేదు.
వంటగది పైకప్పుకి నాలుగు కొక్కేలు,
నాలుగు తాళ్లు, నాలుగు చెక్క బద్దలు.
ఎంగిళ్లు తీశాక దించుతాను,
కంచాలు పెట్టే వేళకి పైకి లాగి కట్టేస్తాను.
మిగతా పొద్దంతా మా తలల మీద
ఎటూ తేలని తగువులా వేలాడుతుంటుంది.
మా మరిది రోస్కో ఆరడుగుల మనిషి,
రోజూ దానికి నుదురు కొట్టుకుంటాడు,
రోజూ కొత్తగా ఆశ్చర్యపోతాడు.

కెంటకీ కొండల మధ్య కంపెనీ ఇల్లు.
మూడు గదులు, తొమ్మిది మందిమి.
ఆర్లిస్‌ది గనిలో రాత్రి షిఫ్టు,
పగలంతా గోడ అవతల నిద్ర.
మిషను తొక్కితే ఆ గోడ దడదడలాడుతుంది.
అందుకని సూది.
సూదికి నోరు లేదు.

"ఇంత మందిలో ఎప్పుడు కుడతావమ్మా?"
చర్చి మెట్ల మీద యూలా అడుగుతుంది.
ఎప్పుడని చెప్పను?
చిక్కుళ్లు ఉడికేలోపు ఒక వరస.
రొట్టె ఎర్రబడేలోపు నక్షత్రానికి ఒక కొమ్ము.
పాస్టరుగారు ప్రార్థన సాగదీస్తే
కళ్లు మూసుకుని మనసులోనే కొంత కుట్టేస్తాను.
సందు దొరికితే చాలు నాకు:
మంచానికీ గోడకీ మధ్య సందు,
ఒక పిల్ల ఏడుపుకీ ఇంకో పిల్ల ఏడుపుకీ మధ్య సందు.

దారాలు ఎక్కించేది ఆరేళ్ల వెర్నీ.
బడికెళ్లే ముందు ఇరవై సూదులు
కర్టెను అంచుకి వరసగా గుచ్చి వెళ్తాడు.
వచ్చీ రాగానే లెక్కపెడతాడు.
"పంతొమ్మిది మిగిలాయే అమ్మా!"
లెక్కల్లో తప్పినదాన్ని చూసినట్టు చూస్తాడు.
ఆ రోజు చంటిది ఓపల్‌కి జ్వరమని,
నీళ్ల పంపు గడ్డకట్టిందని
వాడికి చెప్పబోయి ఊరుకున్నాను.

దించినప్పుడు దాని కింద చోటంతా పిల్లలది.
గుడారం అంటారు.
వెల్లకిలా పడుకుని, పైనుంచి సూదిమొన దిగితే
"వాన! వాన!" అని గుసగుసగా అరుస్తారు,
నాన్న లేస్తాడని.

అందులో లేని గుడ్డ లేదు.
పిండి సంచుల పువ్వులు, రోస్కో పట్టాళం చొక్కా,
ఎన్ని ఉడుకునీళ్లు పోసినా
మసి వదలని ఆర్లిస్ చొక్కా వీపు.
మా అత్తగారు డెల్ఫా వేలితో తడిమి చూస్తుంది.
"అంగుళానికి పది పడాలి" అంటుంది.
ఏడే పడతాయి నాకు.

మార్చిలో గని మూతపడింది.
పదకొండు వారాలు.
ఆర్లిస్ పగటిపూట మెలకువగా ఉండటం
పెళ్లయ్యాక అప్పుడే చూశాం.
ఇంట్లో గొంతులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.
పరుగులు, తలుపులు, రోస్కో బాంజో.
ఆయన వంటగదిలో ఎక్కడ నిలబడినా అడ్డమే.
నాకు వారానికి రెండు వరసలు సాగలేదు.
ఇన్నాళ్లూ నాదనుకున్న తీరిక
ఆయన నిద్రలోంచి చింపుకున్న పేలిక అని
అప్పుడు తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆయనే తాళ్లు వదిలి దించాడు.
చేతులు మూడుసార్లు కడుక్కుని
నాకెదురుగా స్టూలు లాక్కున్నాడు.
గోళ్ల చుట్టూ నలుపు అలాగే ఉంది.
నేను వద్దనలేదు, రమ్మనలేదు.
ఒక్కో కుట్టు మొక్కజొన్న గింజంత!
ఒకటి ఇటు చూస్తే ఒకటి అటు.
కిందనుంచి వెర్నీ అన్నాడు,
"ఇటువైపు వడగళ్లు పడుతున్నాయి."

డెల్ఫా చూసి పెదవి విరిచింది.
"వాడు పడుకున్నాక విప్పెయ్" అంది.
విప్పుతాన్లెండి అన్నాను.
నిజంగానే అనుకున్నాను.

జూన్‌లో మళ్లీ సైరన్ మోగింది.
ఆయన లాంతరు పట్టుకుని వెళ్లిపోయాడు,
ఇల్లు మళ్లీ గొంతు తగ్గించుకుంది.
ఆ మూల కుట్లు అలాగే ఉండిపోయాయి.
యూలా చూసి, ప్రేమంటే ఇదీ అని
కళ్లు తుడుచుకుంది.
నేనేం అనలేదు.
విప్పడానికి టైం దొరకలేదు, అంతే.

నిన్న కొక్కేలకి ఇంకోటి ఎక్కించాను.
రోస్కో నుదురు కొట్టుకున్నాడు.