పరిధిలోకి రాదు

నాలుగో అర్జీ ఇది.
సిరొంచ తహసీలు కచేరీకి ఎదురుగా
జిరాక్సు దుకాణం అరుగు మీద
జాడి బుచ్చక్క చెబుతోంది, నేను రాస్తున్నాను.
ఆమె తెలుగులో అంటుంది,
నా చెయ్యి మరాఠీలో కదులుతుంది,
పైకి పోయేసరికి అదే హిందీ అవుతుందట.
అర్జీ తోక కోస్తే అర్జ్.
ఇక్కడ భాషకూ భాషకూ అంతే దూరం.

అడిగేది పెద్దదేం కాదు.
ఇప్పగూడెం మిరప కూలీలకు
కేంద్ర నిధుల్లోంచి ఒక సిమెంటు కల్లం.
వంద అడుగుల పొడుగు, అరవై వెడల్పు,
ఓ పక్కన రేకుల షెడ్డు, ఒక బల్బు.
"ఆడోళ్లకు చాటు గోడ ఒకటి.
అది ముందు రాయి సారూ,
లేకుంటే మరిసిపోతరు."

ముందే రాశాను.

ఇన్నాళ్లూ కల్లమంటే హైవే.
తారు మీద పరిచిన కాయల్ని
ఇసుక లారీలు తొక్కుకుంటూ పోతాయి.
టైరు గుర్తు పడ్డ కాయకు
వరంగల్ మార్కెట్లో సగం ధర.
మొన్న మాఘంలో నడిరాత్రి వాన.
దుప్పట్లు, కప్పుకున్న చీరలు,
ఎన్నికలప్పటి ఫ్లెక్సీలు కూడా తెచ్చి కప్పారు.
దండం పెడుతున్న నాయకుడి కిందే
పంటంతా బూజు పట్టింది.

ఫారం నిండా గడులు.
లబ్ధిదారుల సంఖ్య?
"నలభై మూడు" అంది. ఆగింది.
"సమ్మక్కను తీసెయ్. శ్రావణంల పోయింది.
వద్దు, ఉండనీ.
మొదటి అర్జీకి తొలి వేలిముద్ర ఆమెదే."
నలభై మూడనే రాశాను.
ప్రభుత్వాన్ని నేను మోసగించింది
ఆ ఒక్క అంకెతోనే.

స్థానికుల వాటా?
"పైసలు లేవు. మొరం మోస్తం.
మనిషికి దినాం ఇరవై తట్టలు."
తట్టల్ని రూపాయలు చేసే గడి
ఎక్కడా కనబడలేదు.
అంచున, ఖాళీలో, చిన్న అక్షరాలతో ఇరికించాను.

మూడు అర్జీలకు మూడు జవాబులొచ్చాయి.
కాదు, రెండే.
జిల్లా అంది: నిధుల్లేవు, కేంద్రాన్ని అడగండి.
కేంద్రం అంది:
మీ విజ్ఞప్తి మా పరిధిలోకి రాదు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని.
బోర్డు మీద కంపాసు గుచ్చి
ఇదిరా కేంద్రం, ఇది పరిధి అని
మా తెలుగు బడి మూతపడేదాకా చెప్పాను.
పరిధి మీద ఏ చుక్క పట్టుకున్నా
కేంద్రానికి అంతే దూరం, వెంట్రుకవాసి తేడా రాదు.
పిల్లలు నమ్మారు.
నేనూ నమ్మాను, అదే నా తప్పు.

మేం ఏ వృత్తం మీది చుక్కలమో!
ప్రాణహిత దాటితే మాట కలుస్తుంది, రేషన్ కార్డు కలవదు.
కార్డు కలిసే చోటికి
పొద్దున బస్సెక్కితే పొద్దుగూకుతుంది,
దిగాక మాట కలవదు.

"పరిధి అంటే ఏంది సారూ?"
ఉత్తరం చదివి వినిపిస్తే అడిగింది.
గుండ్రం చుట్టూ గీత అన్నాను.
మధ్యలో ఉండేది కేంద్రం అన్నాను.
కొంచెంసేపు రోడ్డుకేసి చూసింది.

"మా అయ్య కల్లంల గుంజ పాతేటోడు.
ఎడ్లను గట్టి తిప్పేటోడు.
గింజ రాలేది ఎడ్లు తొక్కిన కాడనే గదా,
గుంజ కాడ ఏముంటది?
గుంజకు మనమే పసుపు వెడితిమి,
మనమే మొక్కితిమి."

కలం ఆగిపోయింది.
దీన్ని ఏ గడిలో రాయను?
మరాఠీలో గుంజను ఏమంటారో
ఉన్నట్టుండి గుర్తుకు రాలేదు.

బుచ్చక్క బొటనవేలు సిరాలో అద్దింది.
పొద్దుటినుంచి తొడిమలు తీసిన వేలు అది,
నీలంలోంచి కూడా ఎర్రగా తేలింది.
జిరాక్సు పిల్లాడు కాగితం అందుకుని
తుమ్మాడు, మళ్లీ తుమ్మాడు.
"ఘాటు!" అన్నాడు ముక్కు రుద్దుకుంటూ.

"పోనీ" అంది బుచ్చక్క,
"అక్కడిదాంక పోనీ."