పాకం మడ్డితో గీసిన బొమ్మ

చిత్తూరు బెల్లం మండీ వెనక గోడకి
సున్నం కొట్టి మూణ్ణెల్లు కాలేదు.
దాని మీద బొమ్మ గీశాడు ఏకాంబరం అయివారు,
బోర్డు స్కూల్లో డ్రాయింగు చెప్పే మనిషి.
జీతం పదమూడు రూపాయలు,
అదీ రెండు విడతలుగా.

లండను పత్రిక ఒకటి
కలెక్టరు బంగళా బట్లరు తెచ్చిచ్చాడట,
వెన్న మరకలతో సహా.
అందులో రాజులంతా బల్ల చుట్టూ చేరి
భూగోళాన్ని కేకులా కోసుకుంటున్నారు.
మండీలో కేకు ఎవరు చూశారు?
అయివారు దాన్ని బెల్లం దిమ్మ చేశాడు.

పెనం అడుగున గీకిన మసి,
అందులోకి జిగురుగా పాకం మడ్డి.
రంగులు కొనే స్తోమతుంటే
మసి జోలికి ఎందుకు పోతాడు.

సింహానికి టోపీ.
గద్దకి రెండు తలలు, రెండూ ఒకదాన్నొకటి నమ్మవు.
ఎలుగుబంటికి కత్తి పట్టడం రాక
గంటెతో పొడుస్తోంది.
కోడిపుంజు తన వాటా లెక్కపెట్టుకుంటూ
పక్కవాడి వాటా మీద నిలబడింది.
అందరి మీసాలూ ఒకటే తీరు,
రాత్రిపూట గట్టు మన చేలోకి జరిపి
పొద్దున పంచాయతీకి ముందుగా వచ్చి కూర్చునే మీసాలు.

బల్ల కింద చీమలు.
చీమలకు తుపాకులు, కొన్నిటికి తలగుడ్డలు.

సంతకొచ్చినోళ్ళు విరగబడి నవ్వారు.
ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నవ్వలేదు.
"ఎవరీ సింహం?"
"గంగజాతర వేషం దొరా."
చాలాసేపు చూసి,
"మన సింహానికి మీసం ఇంకాస్త మెలి తిప్పు"
అని చెప్పి పోయాడు.

మెలి తిప్పడంలో మడ్డి కాస్త ఎక్కువ పడింది.
రాత్రికి రాత్రే నిజం చీమలెక్కాయి.
తెల్లారేసరికి సింహానికి మీసం లేదు,
గద్దకి ఒక తలే మిగిలింది.

ఆ పొద్దే పెనుమూరు నుంచి చెంగమ్మ వచ్చింది,
బెల్లం బండి వెనకే నడిచి.
కొడుకు బస్రాకి పోయి రెండేళ్ళు.
ఎనిమిది నెలలుగా మనియార్డరూ లేదు, కార్డు ముక్కా లేదు.
గోడ మీద పటాలం గీశారని ఎవరో చెప్పారట.
రాజుల వైపు చూడనే లేదు.
బల్ల కింద, వంగి,
వేలు తగలకుండా వెతికింది.

"మావోడిది ఎడంచేతి వాటం అయివారూ,
చెరుకు నరికేటప్పుడు అందరూ ఒక పక్కుంటే
వాడొక్కడూ ఇంకో పక్క."

అయివారి చీమలన్నీ కుడిచేతివే.
పైగా అప్పటికి
గీసినవీ పాకేవీ కలిసిపోయాయి.

"కదిలేవాట్లో ఉండాడా సామీ,
కదలకుండా ఉండేవాట్లోనా?"

ఏకాంబరం బొగ్గుముక్క కోసం జేబు తడుముకున్నాడని కొందరు,
లేదు, బడికి టైమైందని వెళ్ళిపోయాడని కొందరు.

నాకు చెప్పింది కాటా గంగులయ్య,
అతనికి వాళ్ళ తాత.
"ఆనక ఏముందీ, సున్నం కొట్టేశారు"
అని తూకంరాళ్ళు సర్దుకున్నాడు.
ఆ గోడేదో చూపించమంటే
కాసేపు ఆలోచించి రెండు గోడలు చూపించాడు.

బెల్లం మండీ కదా,
రెండింటి మీదా చీమలున్నాయి.