ఏడో ఫారం

ముహర్రఖ్ పాత బజార్ల, హల్వా దుకాణం ఎనుక
నాలుగు మెట్లు దిగితే మా కొట్టు.
అటు మర్జూక్ హాజీ, ఇటు నేను,
నడుమ సరేసు గిన్నె.

సిరిసిల్లల సాంచెలు ఆగినంక
ఈడికొచ్చి సూది పట్టిన.
పోగు పోగే. గుడ్డ పోయి కాయితం వచ్చింది, గంతే.
బతాక మీద దూస రాజలింగం,
హాజీ నోట్ల ఉత్త రాజా.
రాజా, నేల ఊడ్వు. రాజా, చాయ్ తే.
నవ్వొస్తది. ఎందుకో చెప్పను.

మొన్న ఒక పాత పుస్తకం వచ్చింది బైండింగుకు.
ఎన్ని వందల ఏండ్ల కిందనో
ఎవరో రాసిపెట్టిన మాటలు.
రాసినాయిన పేరు యాడా లేదు.
తెచ్చిన పెద్దమనిషి మాత్రం
అట్ట మీద తన పేరు కొట్టమన్నడు,
బంగారు రేకుతోటి, వేలెడంత అక్షరాలు.

నాకు ఆ లిపి రాదు.
హాజీ చదివి వచ్చీరాని హిందీల చెప్తడు,
నేను కుట్టుకుంటనే తెలుగు చేసుకుంట.

"బావి లోతు బావిని అడగకు,
అరిగిన తాడును అడుగు."

సూది ఆగింది.
ఆసు పోసీ పోసీ నాయిన చూపుడువేలుకు పడ్డ గీత,
చిన్నప్పుడు అండ్ల నా గోరు పెట్టి ఆడుకుంటుంటి.

"దీపం పట్టుకున్నోడు వెలుగు నాదంటడు.
నూనె ఊకుంటది."

గిది మా ముసలవ్వ కోడీ కుంపటీ ముచ్చటే గదా అన్న.
అది కూయకపోతే, ఇది రాజకపోతే
ఊరికి తెల్లారదనుకున్న అవ్వ కథ చెప్పిన.
హాజీ దగ్గొచ్చేదాక నవ్విండు.

"అరిచేటోనికి
తన గొంతు తప్ప ఏదీ వినపడదు."

గది చదివిన పూటనే కరెంటు బిల్లు వచ్చింది.
హాజీ అరుపుకు హల్వా దుకాణపాయన
మెట్ల మీద నిలబడి తొంగి చూసిండు.
నేను పుస్తకం తిప్పి ఆ పేజీ తీసి ముందర పెట్టిన.
చదువ రాకపోతేంది, దాని మీది చాయ్ మరక నాదే.

ఇగ అసలు సంగతి.
మనకు చివర ఉన్నది వాళ్ళకు మొదలు.
ఆరేండ్లైనా నా చెయ్యి మరుస్తది.
ఏడో ఫారం తలకిందులు కుట్టిన.
అట్ట కూడ అతికినంక తెలిసింది.

రాత్రి రూముల ఎనిమిది మంది గురక,
కప్పు మీదికెళ్ళి దిగుతున్న విమానం.
ఎవలు చూస్తరు?
ఆ పెద్దమనిషి చదవడు, అద్దాల బీర్వల పెడతడు.
ఆ పాతాయిన ఏం రాసిండో నాకు తెల్వదు,
నేనేం తప్పు చేసిన్నో ఆయనకు తెల్వదు.
లెక్క సరిపోయింది అనుకున్న.
నిద్ర మాత్రం రాలే.

పొద్దున చెప్పిన.
హాజీ ఏమనలే.
స్టూలెక్కి పైఅరల నుంచి ఒకటి దించిండు,
దుమ్ము ఊదిండు, నడుమకు విప్పిండు.
అండ్ల కూడ ఒక ఫారం తలకిందులే.
"నా చేతిదే. మా ఉస్తాద్‌కు చెప్పలే.
చెప్తాం చెప్తాం అనుకుంటనే ఆయన పాయె."

కత్తి నాకియ్యలే.
వణికే చేతితోటి తనే దారం తెంపిండు.
ఒక కొస ఆయన పట్టుకుంటే ఇంకో కొస నేను గుంజిన.
బయట జొహర్ పిలుపైంది. లేచి పోతా పోతా,
"నీ పూరా పేరేంది?" అన్నడు.
రాజలింగం అన్న.
రా... జా... లిం... అని ఆగిండు,
ఆయన అక్షరాల ముందర నేను ఆగినట్టు.

సాయంత్రం ఆ పెద్దమనిషి పేరు కొట్టినం.
నాకు బొటనవేలి గోరు సందుల
ఇంత బంగారం ఇరుక్కున్నది.
సబ్బుతోటి కడిగితే పోలే.
రాత్రి పచ్చిపులుసు అన్నంల కలిసి
ఏ ముద్దల పోయిందో తెల్వదు.
రుచేం మారలే.