నలభై అడుగులు

ఐదేండ్లకని చీటీ వేసినాం, ఏడుగురం.
కట్టమంచి చెరువు గట్టున పొద్దున్నే నడిచేవాళ్ళం,
మోకాళ్ళ గురించీ షుగరు గురించీ మాట్లాడుకునేవాళ్ళం.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం నాది.
హేమాద్రికి టైర్ల షాపు, షకీలాకు ట్యూషన్లు,
ఢిల్లీరాణి ఆర్టీసీ కండక్టరు.
మిగతా ముగ్గురూ పేర్లు రాయొద్దన్నారు,
ఇండ్లలో రామేశ్వరమని చెప్పి వచ్చినారు.
మధ్యలో ఎవరూ పాడుకోకూడదని ఒట్టు.
షకీలా కూతురి ఆపరేషనప్పుడు
ఆ ఒట్టు తీసి ఆ గట్టు మీదే పెట్టినాం.
ఐదేండ్లు ఆరయినాయి.

తుఫాను వచ్చిన ఏడు
పెనుమూరు దారిలో ఎతిరాజులు బావి
మెట్లన్నీ మింగి అంచు దాకా నిలిచింది.
మద్రాసు కోచ్ మమ్మల్ని అందులోనే దింపినాడు,
వీపున సిలిండరు, కండ్లకు అద్దం, నోట్లో రబ్బరు ముక్క.
ఫుట్‌వాల్వ్ కోసం వెయ్యిసార్లు మునిగిన ఎతిరాజులు
ఒడ్డున తువ్వాలు పరుచుకొని కూర్చుని
"ఊపిరి బిగబట్టేది గదమ్మా ఈతంటే?
మీరేంది, సద్ది మాదిరి మూటగట్టుకోని పోతా ఉండారు!"
కోచ్ మొదటి పాఠమేమో
కింద ఎప్పుడూ ఊపిరి బిగబట్టొద్దని.

ఆ రోజే నా అద్దం జారిపోయింది.
ఎతిరాజులు రెండుసార్లు మునిగి ఖాళీ చేతులతో తేలినాడు.
"బావి దాచిపెట్టుకునిందిలే. ఇస్తాది."

మూడు విమానాలు, ఒక పడవ.
ఆ దీవి పచ్చదనం చూసి నాకు కోపమొచ్చింది,
నిజం చెప్తా ఉండా.
కాఫీ తాగేలోపు ఒక వాన,
కప్పు కడిగేలోపు ఇంకొకటి.
ఒక్క బండరాయినీ బయట పడనియ్యని చెట్లు.
సీమపనసలు దోవలో రాలి కుళ్ళుతా ఉంటే
ఎవరూ ఏరుకోరు.
చినుకు పడితే చాలు హేమాద్రి వాకిట్లోకి ఉరికేవాడు,
సెల్లులో పట్టి తమ్ముడికి పంపేవాడు,
చూడరా, ఊరికే పోతా ఉండాది.

సముద్రంలో నలభై అడుగులు.
నేల పగుళ్ళలోంచి అగ్నికొండ ఊపిరి
ఎసరు కాగినట్టు బుడగలు బుడగలుగా పైకి.
పసుపు కొమ్ముల్లాంటి చేపలు.
రాతి సందుల్లో ఉమ్మెత్తకాయల మాదిరి ముండ్ల జీవాలు.
చిలకపచ్చ చేప ఒకటి బండను కొరుకుతా ఉంటే
చెరుకు నమిలే చప్పుడు, నా చెవి పక్కనే.

నీళ్ళలో మాటలుండవు.
బాగుందనేదానికి నశ్యం పట్టినట్టు రెండు వేళ్ళు కలపాల,
బొటనవేలు ఎత్తితే పైకి పోదామని.
ఢిల్లీరాణి సంతోషం పట్టలేక
బొటనవేలు ఎత్తేసింది.
గైడు జబ్బ పట్టుకొని పైకి తీసకపోయినాడు.
ఆరేండ్ల చీటీలో ఆ రోజు ఆమె వాటా తొమ్మిది నిమిషాలు.
"నేను రైట్ రైట్ అంటే వాడు బండి ఆపేసినాడు!"
పడవలో ఆ అరుపులకు
నీళ్ళ మీది పక్షులన్నీ లేచిపోయినాయి.

ఈ ఏడు వానల్లేవు.
మోటారు గాలి పీలుస్తా ఉండాదని
ఎతిరాజులు కబురంపినాడు. ఆయనకు మోకాలు బాగలేదు,
నేనే దిగినాను.
మెట్లు అయిపోయినాక తాడు.
రాతిగోడ మీద ఏడాదికొక చార.
తుఫాను చార ఎక్కడో నా నెత్తిమీద,
దానికి పావురాలు గూడు కట్టుకున్నాయి.
నలభై అడుగులు. అంతే లోతు.
నెర్రెలిచ్చిన బురదలో నా అద్దం,
ఒక పక్క గాజు చీలి,
లోపల చిన్న కప్ప, గొంతు ఆడిస్తా.
తడి ఉందేమోనని అరచెయ్యి ఆనించినాను.
దిగినప్పటి నుంచీ ఊపిరి బిగబట్టే ఉన్నానని
అప్పుడు తెలిసింది.

పైన, తాంబాళమంత ఆకాశంలో
ఎతిరాజులు తల.
"నీళ్ళుండాయా అమ్మణ్ణీ?"

గొంతు పెగల్లేదు.
పైకి వస్తా ఉండానని
బొటనవేలు ఎత్తినాను.

ఆయన కేక గోడ గోడకూ తగులుకుంటా దిగింది.
"ఉండాయంటరా! స్విచ్చెయ్యండి!"