ఇరవై మూడో నంబరు సీసా

కలామాలో వాన సంగతి ఎవరూ ఎత్తరు.
వాన మాట అటుంచి
తేమ కూడా చుట్టపుచూపుగానైనా రాదు.
అలాంటి ఊళ్లో
కన్నీళ్లు కొలిచే ఉద్యోగం నాది.

ఎదువినా కోల్కే, యాభై తొమ్మిదేళ్లు.
రాగి గనిలో ఇరవై రెండేళ్ల పాటు
లారీల రాకపోకలు తెర మీద చూసింది.
"తెల్లారేసరికి కళ్లలో ఇసుక పోసి
ఎవరో రెప్పలు కుట్టేసినట్టుంటుంది" అంది,
నేను ఫారం నింపుతుంటే.
ఫారంలో అలాంటి గడి లేదు.
సున్నా నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి.
మూడు వేశాను.
"నాలుగేసుకో" అంది,
కూరగాయల బేరంలా.

కింది రెప్ప లాగి
కాగితపు పేలిక తగిలించాను.
అయిదు నిమిషాలు.
నేను గడియారం చూస్తుంటే
ఆమె కళ్లు మూసుకుని చెబుతోంది:
చియూ చియూలో అక్క క్యారట్ మడికి
వారానికొక్క పూట నీటి వంతు,
అది కాస్తా పక్క పొలంవాడు
రాత్రికి రాత్రి మళ్లించుకున్న వైనం.
తడి నాలుగు మిల్లీమీటర్లు పాకి
ఆగిపోయింది,
కాలవ చివరి మడి దగ్గరలాగే.

రంగు చుక్క వేసి నీలం దీపం పెట్టాను.
రెప్ప ఆర్పకు.
ఒకటి, రెండు, మూ...
పచ్చటి పొర చిరిగి నల్ల మరక.
రెప్పపాటంటే ఏమీ కానంత కొంచెం అనుకునేదాన్ని.
ఆమెకు రెప్పకూ రెప్పకూ మధ్య
ఒక ఎండాకాలం.

సీసాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.
కొన్నిట్లో మందు, కొన్నిట్లో ఉత్త ఉప్పునీళ్లు.
ఏది ఏదో ఆమెకు తెలీదు, నాకూ తెలీదు.
తెలిసిన కంప్యూటరు శాంతియాగోలో ఉంది,
నోరు విప్పదు.

రోజుకు నాలుగు చుక్కలు, పన్నెండు వారాలు.
ఆరో వారం తడి ఏడు.
ఎనిమిదో వారం అయిదు.
పదో వారం నేను రెండుసార్లు కొలిచాను.
అలా కొలవకూడదు.
రెండో అంకె పెద్దది.
మొదటిదే రాశాను,
ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆఖరి రోజున వచ్చి
"పొద్దున లేవగానే కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి" అని
బల్ల మీద వేడి రొట్టెల పొట్లం పెట్టింది.

మార్చిలో గుట్టు విప్పారు.
ఇరవై మూడు: ఉప్పునీళ్లు.

ఫోన్లో చెప్పాను.
అవతల కాసేపు గాలి హోరు.
తర్వాత నవ్వింది.
"ఉప్పుకేం, మా వైపు నేలంతా ఉప్పే.
రోజుకు నాలుగుసార్లు నీ కంటిని పట్టించుకోమని
ఇదివరకెవరు చెప్పారు గనక?
మిగిలిన సీసాలు పారేస్తారా?"

పారెయ్యం.
ఖాళీవీ నిండువీ లెక్కపెట్టి
వెనక్కి పంపాలి.
లెక్కలో ఒకటి తగ్గింది.
"పోయినది" అని టిక్కు పెట్టాను.
ఫారంలో
అలాంటి గడి ఉంది.