సైజు ఇరవై ఆరు

ఉస్మాన్ రోడ్డు, మూడో అంతస్తు, పిల్లల సెక్షను.
పొద్దున పదింటికి అట్టపెట్టెలు కోస్తాను.
పోయినేడు ఏనుగులొచ్చాయి, అంతకు ముందు పడవలు.
ఈసారి దిగిన సరుకంతా మాటలే.
"ముందు వరసలో పెట్టు" అన్నారు ఇళంగో సార్,
"మంచి మాటలే కదమ్మా, ఎవరు కాదంటారు?"

నేనూ కాదనలేదు.
ఇంగ్లీషు కూడబలుక్కుంటూ మడతపెట్టాను.
భూమిని కాపాడతా, సైజు ఇరవై.
నా ఓటు మార్పుకే, సైజు ఇరవై రెండు,
ఆ కొలతవాడికి ఓటు రావాలంటే ఇంకా పద్నాలుగేళ్ళు.
ఆడా మగా సమానం,
గులాబీ రంగులో మాత్రమే.

నిలబడే మడతపెట్టాను.
చట్టం వచ్చాక మాకో స్టూలు వేశారు,
దాని మీద ఇప్పుడు సమానం పెట్టె ఉంది.

మా నాన్న మునిరత్నం వ్యాసార్పాడిలో గోడలు రాసేవాడు.
ఎలక్షన్లొస్తే సున్నం బకెట్టు నా చేతిలో.
ఒక రాత్రి ఒక గుర్తు,
వారం తిరక్కుండా అదే గోడకి ఇంకోటి.
"ఇంటాయన్ని అడిగావా నాన్నా?"
"ఆయన్నడిగితే ఒప్పుకోడు, గోడ కాదనదు.
నోరు లేదుగా, అందుకే దాని మీద రాస్తాం" అంటూ
కుంచె కొసతో నా చెంప మీద చుక్క పెట్టేవాడు.
ఆ కూలి డబ్బుతోనే నా బడి లంగా, జాకెట్టు.
అది కూడా చెప్పాలి కదా.

దీపావళికి స్టాఫు తగ్గింపులో
మా వాడికీ ఒకటి కొన్నాను.
'ప్రశ్నించు' అని ఉంది గుండె మీద.
వాడు ప్రశ్నించాడు:
"అమ్మా, దీని మీద డైనోసారు ఎందుకు లేదు?"
గోటితో గీకి గీకి
నెల తిరిగేసరికి రెండక్షరాలు పీకేశాడు.
కొట్టబోయి ఆగాను.
ఎందుకాగానో ఇప్పటికీ తెలీదు.

నిన్న శనివారం, కాలు పెట్టే చోటు లేదు.
యాళినీ, యాళినీ అని ఒకావిడ పిలుస్తోంది,
చంకలో చంటిది, మోచేతికి నాలుగు సంచులు.
పాపకి ఏడేళ్ళుంటాయి, పై పన్ను ఊడింది.
ఆవిడ తీసిన చొక్కా మీద
నా గొంతు వినండి.
"అమ్మా, నాకిది..."
"మాట్లాడకుండా వేసుకో."
మాట్లాడకుండానే తీసుకెళ్ళింది.

ఆవిణ్ణి తప్పుపట్టలేను.
తనకెవరూ తొడగని మాట
కూతురికి తొడుగుదామనుకుంది, అంతే.
అమ్మేవాళ్ళకి ఆ సంగతి తెలుసు.
తల్లి ఆశకి ధరచీటీ కుట్టడం
మా మూడో అంతస్తుకి బాగా వచ్చు.

తెర పక్కకి జరిగింది.
చొక్కా తిరగేసి వేసుకుంది.
కుట్లన్నీ బయటికి, మెడ వెనక చీటీ
పిల్లి తోకలా లేచి,
రొమ్ము మీద అక్షరాలు వెనక్కి తిరిగి
నీళ్ళలో నీడల్లా ఉన్నాయి.
"తలకిందులు పిల్లా! తిరగేశావు చూడు."
"తెలుసు."
"మరి?"
"బస్సులో అందరూ నన్ను చదువుతారు."

ఆవిడ నవ్వబోయి నా వైపు చూసింది.
నేను స్టూలు వైపు చూశాను.
"మాటలు లేనిది ఏమైనా ఉందా అక్కా?"
అడిగింది పాప, చంటిదాని కాలితో ఆడుతూ.

వంగి కింది అర వెతికాను.
పాత సరుకులో ఒక పసుపుది దొరికింది,
ఉత్త పసుపు, ఒక జేబు,
భుజం దగ్గర గోరంత మరక.
కౌంటర్లో మిషను పెడితే పలకలేదు.
మళ్ళీ పెట్టారు. పలకలేదు.
మూడు కొంటేనే ఆఫరమ్మా అని ఎవరో అరుస్తున్నారు,
వెనక వరస మెట్లదాకా పోయింది,
ఇళంగో సార్ అటునుంచి వస్తున్నారు.

ఆ పిల్ల అప్పటికే తొడుక్కున్న
పసుపు చొక్కా జేబులో చెయ్యి దూర్చి,
లోపల ఏదో దొరికినట్టు
పిడికిలి బిగించి నిలబడింది.